తోపు సాంచా, నేత సాంచ

హైదరాబాద్‌లో ఇప్పుడు గన్‌ఫౌండ్రీ అని పిలిచే చోటికి జనం నోట నలిగిన పేరు తోప్ కా సాంచా. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. ఉర్దూ, మరాఠీల్లో ఆ మాటకు మూస అని అర్థం. మహారాష్ట్రలోని భివండి మరమగ్గాల షెడ్లలో అదే మాట మగ్గానికి పేరైంది. అక్కడికి వలసపోయిన మన నేతగాళ్ళతోపాటు ఇటు తిరిగొచ్చింది. (తెలుగులో కూడా పోతపోసే మూస అచ్చే, మగ్గంలో పోగులు దూర్చే సాధనమూ అచ్చే. చేతిపనివాళ్ళ ఊహ ఏ భాషలోనైనా ఒకే దారిన పోతుందేమో!) ఒకే పేరు మోసిన ఈ రెండింటిలో మొదటిది ఒక్క ఒడంబడిక దెబ్బకు తన సైన్యాన్ని పోగొట్టుకొని చివరికి శిథిలంగా మిగిలింది. రెండోది పుట్టిన దేశంలో మ్యూజియం వస్తువైపోయాక కూడా మానేరు ఒడ్డున వేల సంఖ్యలో చప్పుడు చేస్తూనే ఉంది. ఈ తేడా ఎందుకొచ్చిందో అడగాలి. సిరిసిల్ల చరిత్రను పెట్టుబడులు, సబ్సిడీలు, ఆర్డర్ల లెక్కలతో చెప్పడం మనకు అలవాటు. ఆ లెక్కలు కావలసినవే. కానీ వాటికి ముందు చూడవలసింది ఒకటుంది: యంత్రం చెడిపోయినప్పుడు పానా ఎవరి చేతిలో ఉంది? సొంత సాంచను తానే విప్పి, తుడిచి, బిగించగలగడం వల్లే మరమగ్గం ఈ ఊళ్ళో ఇంటి ఆస్తి కాగలిగిందని నా వాదన.

ముందు తోపుల సంగతి. జగిత్యాల కోటను 1747లో ఎలగందుల పాలకుడు ఇబ్రహీం ఖాన్ ధంసా ఫ్రెంచి ఇంజనీర్ల సాయంతో కట్టించాడు. నక్షత్రం ఆకారం, చుట్టూ కందకం, బురుజుల మీద ఫిరంగులు. ఫిరంగి గుండుకు ఎదురు నిలవడానికి యూరపులో పుట్టిన నిర్మాణ పద్ధతి అది. జాక్, టాల్ అనే ఇద్దరు ఇంజనీర్ల పేర్లు కలిసి జగిత్యాల అయిందని చెప్పుకునే కథ వినడానికి బాగుంటుంది గానీ, ఊరి పేరు పుట్టుకకు అది సాక్ష్యం కాదు. ఆ కథ నిజం కాకపోయినా ఒక విషయం మాత్రం చెబుతుంది: కోట గొప్పదనాన్ని జనం కట్టించినవాడికంటే దాని గుట్టు తెలిసిన పరాయివాళ్ళకే ఆపాదించారు. ఇక 1786లో నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ హైదరాబాద్‌లో తోపుల కార్ఖానా పెట్టాడు. అతను 1798 మార్చిలో చనిపోయాడు. సెప్టెంబరు 1న నిజాం ఈస్టిండియా కంపెనీతో ఒడంబడిక చేసుకున్నాడు. అక్టోబరు 22న ఫ్రెంచి అధికారుల కింద ఉన్న వేలాది సిపాయిల చేత ఆయుధాలు కింద పెట్టించారు. తోపులకు డబ్బు పెట్టింది నిజామే, అవి నిలబడింది అతని నేల మీదే. వాటిని పోయడం, నడపడం తెలిసిన పెద్దలు మాత్రం పరాయి దేశపు కొలువుగాళ్ళు. ఒక్క సంతకంతో వాళ్ళను తప్పించగలిగినప్పుడు ఆ తోపులు ఎవరివి?

అదే కాలంలో ఊళ్ళల్లో తిరిగిన తుపాకి వేరు. వత్తి అంటించి పేల్చే తుపాకిని యూరపు సైన్యాలు 1700 నాటికే దాదాపు వదిలేసి చెకుముకి తుపాకికి మారిపోయాయి. మన దేశంలో వత్తి తుపాకి పంతొమ్మిదో శతాబ్దంలోకి కూడా నడిచింది. దీన్ని వెనకబాటుతనం కింద రాసినవాళ్ళున్నారు. లోపలి పనితనం చూస్తే మరో కారణం కనిపిస్తుంది. వత్తి తుపాకిలో కదిలేవి రెండు మూడు ముక్కలు: వత్తిని పట్టుకునే వంకర కొక్కెం, దాన్ని వంచే మీట, మందు పోసే చిన్న గిన్నె మూత. వీటిలో ఏది విరిగినా ఊరి కమ్మరి కొలిమిలో కాల్చి, సుత్తితో సాగదీసి, ఆకురాయితో రాసి అమర్చగలడు. చెకుముకి తుపాకికి సరిగ్గా పదునెక్కిన స్ప్రింగులు కావాలి, మంచి చెకుముకిరాయి కావాలి. స్ప్రింగు విరిగితే ఊరి కమ్మరికి అందదు. అంటే పాత తుపాకిని పట్టుకున్నవాడు కొత్తదాన్ని చూసి భయపడలేదు, తన ఊళ్ళో బాగయ్యేదాన్ని ఎంచుకున్నాడు. ఈలోగా ఫ్రాన్సులో ఓనొరే బ్లాంక్ అనే తుపాకుల పనివాడు మరో దారి తొక్కాడు. తుపాకి గుర్రం ముక్కలన్నీ ఒకే కొలతకు చేసి, కుప్పలోంచి ఏది చేతికొస్తే అది తీసి బిగించవచ్చని 1785లో థామస్ జెఫర్సన్‌కు చూపించాడు. రాయకుండా, చెక్కకుండా ముక్కకు ముక్క మార్చడమనే ఈ ఆలోచనే తర్వాత మొత్తం యంత్రయుగాన్ని నడిపింది. దానికి రెండు ముఖాలున్నాయి. విడిభాగం దొరికితే ఎవరైనా బాగుచేసుకోగలరు. దొరక్కపోతే ఎంతటి పనివాడైనా చేతులు కట్టుకు కూర్చోవాలి. సాంచ కథలో ఈ రెండు ముఖాలూ ఉన్నాయి.

కరీంనగర్ ప్రాంతపు పద్మశాలీలకు యంత్రాన్ని విప్పడం కొత్త విద్య కాదు. గుంట మగ్గం మొత్తం ఇంటివాళ్ళకు తెలిసిన వస్తువు. కర్రపని వడ్రంగిది, పన్నె కట్టేవాళ్ళు వేరు; కానీ వాటిని గుంట మీద నిలబెట్టి, తొక్కుడు కర్రలకు తాళ్ళు ముడేసి, పడుగు బిగువు చూసుకునేది నేసేవాడే. తాడు తెగితే ముడేస్తాడు, నాడె మొన అరిగితే నున్నగా రాస్తాడు. బొంబాయి మిల్లులోకి వెళ్ళేసరికి ఈ విద్యకు గేటు బయటే చెప్పులతోపాటు చోటు చూపించారు. మిల్లులో మగ్గం నడిపేవాడు వేరు, మగ్గాన్ని ముట్టేవాడు వేరు. పానా జాబరుది. మనుషుల్ని పనిలోకి తెచ్చేది జాబరే, తీసేసేది జాబరే, మగ్గం సరిచేసేదీ అతనే. ఈ మూడు అధికారాలు ఒకే మనిషి చేతిలో ఎందుకున్నాయో ఆలోచిస్తే, మరమ్మతు విద్య ఎంతటి పెత్తనమో అర్థమవుతుంది. జాబరుకు ఎదురుచెప్పిన నేతగాడి మగ్గం మర్నాడు బాగయ్యేందుకు ఎంతసేపు పడుతుందో చెప్పాలా?

భివండి, షోలాపూర్ షెడ్లు ఈ గోడను పడగొట్టాయి. అక్కడ సొంత మగ్గాలవాడు నాలుగో ఎనిమిదో సాంచలు పెట్టుకుంటాడు. నెల జీతంతో జాబరును పెట్టుకునే తాహతు ఉండదు. పనివాడే పానా అందిస్తాడు, కొన్నాళ్ళకు తానే బిగిస్తాడు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో బొంబాయి మిల్లుల సమ్మె మొదలైంది. సుమారు రెండున్నర లక్షల మంది పని ఆపారు. ఆ సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడి, నేత పని ఇంకా ఇంకా చిన్న షెడ్లకు జారిపోయింది. సిరిసిల్లలో మరమగ్గాలు అంతకుముందే ఉన్నాయి. తిరిగొచ్చినవాళ్ళతో, అక్కడ వాడి వదిలేసిన సాంచలతో అవి పెరిగాయి. పాత మగ్గం తూకానికి అమ్మే ఇనుము ధరకు దగ్గరగా దొరికిందంటే, దాన్ని బతికించే విద్య కొనేవాడి దగ్గర ఉన్నందువల్లే ఆ ధరకు అర్థముంది. ఆ విద్య లేనివాడికి అది తుక్కే.

సాంచను దగ్గరగా చూస్తే అది విప్పేవాడి చేతికి ఎందుకు లొంగుతుందో తెలుస్తుంది. ఎడ్మండ్ కార్ట్‌రైట్ 1785లో మరమగ్గానికి పేటెంటు పుచ్చుకున్నా, ఇవాళ మనం చూసే సాదా సాంచ రూపం లాంకషైర్‌లో 1840ల నాటికి కుదిరింది. అప్పటినుంచి దాని అస్థిపంజరం పెద్దగా మారలేదు. పైన క్రాంకు షాఫ్టు, కింద ట్యాపెట్ షాఫ్టు. పైది రెండు చుట్లు తిరిగితే కిందిది ఒక చుట్టు తిరుగుతుంది. ఈ రెండుకు ఒకటి లెక్కలోనే సాదా నేత మొత్తం ఉంది. పడుగు రెండుగా విడిపోవాలి, ఆ సందులోంచి నాడె ఈ పెట్టెనుంచి ఆ పెట్టెకు దూకాలి, పన్నె వచ్చి పేకను గుడ్డకు కొట్టాలి. వెనక భీము కొద్దికొద్దిగా పడుగు వదలాలి, ముందు రోలు గుడ్డను చుట్టుకోవాలి. ఈ ఐదు కదలికలూ కళ్ళకు కనిపిస్తాయి, చెవులకు వినిపిస్తాయి. మూత కింద దాగినదేదీ లేదు. నాడెను తన్నే పిక్కరు ఒకప్పుడు గేదె తోలుతో చేసేవాళ్ళు, తర్వాత నైలాను వచ్చింది. తన్నే కట్టె చెక్క, దాని పట్టీ తోలు, భీముకు బిగువునిచ్చేది తాడో గొలుసో, దానికి వేలాడే బరువులు. అరిగే ముక్కలన్నీ చవకైనవి, అరగని ముక్కలు పోత ఇనుము. ఇలా ఉన్నందుకే నూరేళ్ళ నాటి నమూనా మగ్గం కూడా తోలు, చెక్క, తాడు మారుస్తూ పోతే చావదు.

నేర్చుకోవలసినది విప్పడం ఒక్కటే అయితే వారం చాలు. కాలం కుదర్చడమే అసలు విద్య. తన్ను కాస్త ముందు పడితే పడుగు ఇంకా తెరుచుకోకముందే నాడె దూకి పోగుల్ని తెంపుతుంది. ఆలస్యమైతే మూసుకుంటున్న పోగుల మధ్య ఇరుక్కుంటుంది. పెట్టె గోడ అరిగినా, పన్నె వరసలోంచి జరిగినా నాడె బయటికి ఎగిరి మనిషిని కొడుతుంది. నాడె సమయానికి పెట్టె చేరకపోతే ఒక కడ్డీ వచ్చి గట్టిగా ఢీకొని మగ్గాన్ని ఒక్క కుదుపుతో ఆపేస్తుంది. ఆ దెబ్బ శబ్దం వినే ఏ సాంచదో, ఎందుకో పోల్చుకునేవాళ్ళున్నారు. బరువులు సరిగా వేలాడకపోతే గుడ్డలో పలచని, చిక్కని పట్టీలు పడతాయి, అది డ్యామేజీ కింద పోతుంది. ఈ జబ్బులకు పుస్తకం లేదు. సాంచ పక్కన నిలబడి, ఒక్కొక్క బోల్టు పావు చుట్టు తిప్పి, పది పిక్కులు (నాడె దూకుళ్ళు) నడిపి, మళ్ళీ తిప్పి చూసుకోవడమే చదువు.

ఈ చదువుకు డబ్బు విలువ ఎంతో సిరిసిల్ల కూలి లెక్కే చెబుతుంది. ఇక్కడ యజమాని నూలు ఇస్తాడు, ఆసామి తన సాంచల మీద నేయించి ఇస్తాడు, నేసే కార్మికుడికి పది పిక్కులకు ఇన్ని పైసలని కూలి. యజమానికి నూలుంది, ఆసామికి ఇనుముంది, కార్మికుడికి చేతులున్నాయి. ఆగిన సాంచ పైసా పుట్టించదు. దాని నష్టం నూలు ఇచ్చినవాడి మీద పడదు; ఆసామి మీద, కార్మికుడి మీద పడుతుంది. పైసల లెక్కన బతికేవాడు మెకానిక్ కోసం పూట కాసుకుంటే ఆ పూట కూలి పోవడమే కాదు, మెకానిక్ కూలి కూడా నెత్తిన పడుతుంది. అందువల్ల ఆసామి అనే మధ్య మెట్టు నిలబడటానికి మొదటి షరతు మరమ్మతు విద్య. అది లేని ఆసామి త్వరగానే సాంచలు అమ్ముకొని మళ్ళీ కార్మికుడు అవుతాడు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది. అంత విద్య ఉన్న ఊళ్ళో 1990ల చివరనుంచి వందల మంది నేతకార్మికులు ఎందుకు ప్రాణాలు తీసుకున్నారు? కోరుట్లకు పడమర దిక్కున, ఇప్పటి నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలోని కోనసముద్రాన్ని చూసినా ఇదే ప్రశ్న వస్తుంది. అక్కడి కమ్మర్లు మట్టి మూసలో ఇనుము కరిగించి చేసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చి కూర్చునేవాళ్ళు. డమాస్కస్ కత్తుల పేరు వెనక ఈ ప్రాంతపు ఉక్కు ఉంది. 1820ల ప్రాంతంలో భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ చూసి రాసేనాటికి కొలిమి నడుస్తూనే ఉంది. తమ మూస గురించి ఆ కమ్మర్లకు తెలియనిది లేదు. అయినా చవక విదేశీ ఉక్కు రావడం, పాత బేరం దారులు తెగడంతో ఆ పని అంతరించింది. కాబట్టి పనిముట్టును విప్పగలిగితే చాలు, బతుకు చల్లగా సాగుతుందని ఎవరైనా అంటే అది అబద్ధం. నేనూ అనను. సాంచను విప్పే పానాకు నూలు ధర లొంగదు, అప్పు వడ్డీ వదులు కాదు, కరెంటు బిల్లు తగ్గదు. మరమ్మతు విద్య మనిషిని యంత్రానికి బానిస కాకుండా కాపాడుతుంది, బజారుకు బానిస కాకుండా కాపాడలేదు. ఈ హద్దు గీశాక కూడా నా వాదన నిలుస్తుందనే అనుకుంటాను. బేరం మళ్ళీ తిరిగొచ్చినప్పుడు కోనసముద్రంలో మూస పెట్టే చేయి లేదు. సిరిసిల్లలో పానా పట్టే చేయి ఉంది.

దానికి రుజువు ఈ మధ్యదే. 2017లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరల పంపిణీ మొదలుపెట్టింది. అప్పట్లో ఏటా కోటి దాకా చీరలు పంచేవాళ్ళు. అప్పటిదాకా సిరిసిల్ల సాంచలు ఎక్కువగా నేసింది పాలిస్టరు గుడ్డ, లంగాల కాటను గుడ్డ. చీర అంటే అంచు కావాలి. మొదటి ఏడాది చాలినన్ని ఇక్కడ నేయలేక సూరత్ సరుకు తెచ్చారు, నాణ్యత మీద గొడవ జరిగింది. తర్వాతి ఏళ్ళలో అవే పాత సాంచలకు డాబీలు బిగించి అంచు చీరలు నేశారు. లుంగీ గుడ్డకో లంగా గుడ్డకో పుట్టిన మగ్గం మీద కొత్త అవయవం ఎక్కించడం, అది ఎక్కినందుకు పాత కాలాలన్నీ మళ్ళీ కుదర్చడం దుకాణంలో కొనుక్కొచ్చే సామర్థ్యం కాదు. సర్కారు ఆర్డరు ఇచ్చింది. ఆర్డరును మోయగల భుజం ముందునుంచీ ఉంది.

మరో అభ్యంతరం చదువుకున్నవాళ్ళు వేసేది. పాత ఇనుమును బాగుచేసుకుంటూ కూర్చోవడమే సిరిసిల్లను చవక గుడ్డకు కట్టేసిందని, నాడె లేని కొత్త రేపియరు మగ్గాలకు ఎప్పుడో మారవలసిందని వాళ్ళ మాట. ఇందులో నిజముంది. సాదా సాంచ నిమిషానికి కొట్టే పిక్కులకు కొత్త మగ్గం రెట్టింపుకంటే ఎక్కువ కొడుతుంది, గుడ్డలో తప్పులు తక్కువ. బాగుచేయడం వచ్చినవాడికి పారేయడం చేతకాదన్న విమర్శను కూడా కొట్టిపారేయలేను. కానీ కొత్త మగ్గం ధర లక్షల్లో ఉంటుంది, దాని మెదడు ఎలక్ట్రానిక్ బోర్డులో ఉంటుంది. బోర్డు కాలితే చెవికి వినిపించేదేమీ లేదు. కంపెనీ మనిషి రావాలి, లేదా బోర్డే కంపెనీకి పోవాలి. ఆసామికి అది మళ్ళీ జాబరు రాజ్యమే, ఈసారి జాబరు వేరే ఊళ్ళో ఉంటాడు. మధ్యదారి ఒకటి కేంద్ర జౌళి శాఖే చూపించింది. పాత సాంచకు పేక తెగితే ఆపే అమరిక, పడుగు తెగితే ఆపే అమరిక, మంచి బ్రేకు, పడుగును తానే వదిలే ఏర్పాటు తగిలించి సగం ఆటోమేటిక్ చేసే పథకమది. ఉన్న యంత్రాన్ని ఉన్న చోటే మెరుగుపరచాలన్న ఆలోచన, ఆ యంత్రాన్ని ఎరిగిన చేతులున్నందుకే నడుస్తుంది. ఆలేరు ప్రాంతంలో చింతకింది మల్లేశం నేతకు ముందు నూలును మేకుల చుట్టూ పోసే ఆసు పనికి 1999లో యంత్రం తయారు చేసి, 2017లో పద్మశ్రీ అందుకున్నది కూడా ఇదే దారిలో. ఇంజనీరింగ్ కాలేజీ గడప తొక్కకుండా, తల్లి చేతులు రోజంతా పడే తిప్పలను ముక్కలు ముక్కలుగా విడదీసి చూసి, ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క చక్రం వెతికాడు.

ఈ విద్య అందరికీ అందిందని చెబితే అది పొగడ్త అవుతుంది. సిరిసిల్లలో కండెలు చుట్టేది ఆడవాళ్ళు, పక్కన బీడీలు చేసేదీ వాళ్ళే. పానా మాత్రం మగవాళ్ళ చేతిలోనే తిరిగింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్ నడుస్తున్న యంత్రాన్ని సవరించే పనిని ప్రత్యేక శిక్షణ పొందిన వయోజన పురుషుడికే అప్పగించింది. ప్రమాదాల భయంతో పెట్టిన నియమమే. నాడె ఎగిరి కన్ను పోగొట్టుకున్నవాళ్ళ సంగతి తెలిస్తే ఆ భయాన్ని తప్పుపట్టలేం. విచిత్రం ఏమిటంటే, కరెంటు వాడే చోట పదిమంది ఉంటేనే మామూలుగా ఆ చట్టం వర్తించేది, సిరిసిల్ల షెడ్లలో చాలావాటికి ఆ లెక్క కుదరలేదు. అంటే చట్టం ఇచ్చే రక్షణ ఈ షెడ్లలోకి రాలేదు, చట్టంలోని మగ ఆడ తేడా మాత్రం గేటు దూకి వచ్చింది. సారంగాపూర్, కోరుట్ల, జగిత్యాల పల్లెల మగవాళ్ళు దుబాయి, మస్కట్ దారి పట్టి ఏళ్ళకేళ్ళు అక్కడే ఉండిపోతున్నారు. ఈ ప్రాంతంలో చేతివిద్యను ఇంట్లో ఒక్కరికే దాచి ఉంచడం తెలివైన పని కాదు.

కొత్త మగ్గాలు రావద్దని అనను, వస్తాయి కూడా. వాటికి సబ్సిడీ ఇచ్చే అధికారులకు, అమ్మే కంపెనీలతో ఒప్పందాలు రాసుకునేవాళ్ళకు ఒక విన్నపం. మగ్గంతోపాటు దాని భాగాల బొమ్మల పుస్తకం తెలుగులో ఇవ్వమనండి. బోర్డు గీత ఇవ్వమనండి. దాన్ని విప్పే పానాల సెట్టు ఇవ్వమనండి. షెడ్డుకు ఇద్దరు చొప్పున, అందులో ఒకరు ఆడవాళ్ళయ్యేలా, నెల రోజుల శిక్షణ ఒప్పందంలోనే రాయించండి. అది రాసి లేని ఒప్పందం మీద ఆసాములు సంతకం పెట్టకండి.